ఒకే రొట్టె ఉద్యోగ రొట్టె ఎలా అవుతుంది? పిలుపులు, గుర్తులు, ‘నేను’ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో డిగ్రీ పిల్లలకు సోషియాలజీ చెబుతూ చాలా ఏళ్లు గడిపాను. రోజూ మనం మాట్లాడుకునే మాటలు, చేసే సైగలు, పట్టుకు తిరిగే వస్తువులు మనల్ని ఎలా తయారుచేస్తాయి అనే పాఠం ఒకటుంది. దానికి వచ్చినన్ని ప్రశ్నలు ఇంకే పాఠానికీ రావు. క్లాసులో పిల్లలే కాదు, బస్సులో కలిసే పాత విద్యార్థులు, అడ్మిషన్ల రోజుల్లో వచ్చే తల్లిదండ్రులు కూడా అడుగుతుంటారు. ఎక్కువసార్లు విన్నవి ఇక్కడ రాస్తున్నాను.

పుస్తకాల భాష వద్దు సార్. విషయం ఏంటో ఒక్క ఉదాహరణతో చెప్పండి.

మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గరికి రండి. ఒడ్డునే బారాషహీద్ దర్గా. రొట్టెల పండుగ రోజుల్లో ఆ నీళ్లలో కాలు పెట్టడానికి చోటు దొరకదు. ముస్లింలు, హిందువులు, క్రైస్తవులు అందరూ కలిసే నిలబడతారు. ఆడవాళ్లు తలమీద కొంగు కప్పుకుని ఉంటారు. చేతుల్లో గుడ్డలో చుట్టినవో, స్టీలు డబ్బాలో పెట్టినవో చపాతీలు. ఒకామె దగ్గర ఉద్యోగ రొట్టె ఉంటుంది. నాలుగడుగుల అవతల సంతాన రొట్టె. అటుపక్క పెళ్లి రొట్టె, చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, సొంతింటి రొట్టె.

ఒక ఏడాది నా పక్కనే ఒక కుర్రాడు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని నిలబడ్డాడు. ఎవరిని అడగాలో తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు. చివరికి ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లి మెల్లగా “ఉద్యోగ రొట్టె ఉందా అమ్మా?” అన్నాడు. ఆమె వెంటనే ఇవ్వలేదు. “ఏం చదివినావు నాయనా?” అని అడిగింది. వాడు బీటెక్ అన్నాడు. “పోయినేడు మా వాడి కోసం ఇక్కడే పుచ్చుకున్నా. వచ్చింది. నీకూ వస్తుంది. వచ్చినాక నువ్వు తెచ్చి ఇంకొకరికి ఇవ్వాల” అని చేతిలో పెట్టింది. వాడు రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుని అక్కడే తిన్నాడు.

ఆ రొట్టెలో ఉన్నది గోధుమపిండి, ఉప్పు, నీళ్లు. పెళ్లి రొట్టెలోనూ అవే. ఎంత పరీక్ష చేసినా ఆ రెండిటికీ తేడా తేలదు. తేడా అంతా ఇచ్చే చేతికీ పుచ్చుకునే చేతికీ మధ్య ఉంది. ఆమె అడిగిన ప్రశ్న, వాడు చెప్పిన జవాబు, ‘మా వాడికి వచ్చింది’ అన్న మాట, చుట్టూ అదే పని చేస్తున్న వేలమంది, ఇవన్నీ కలిసి చపాతీని ఉద్యోగ రొట్టె చేశాయి. ఇంకో సంగతి కూడా చూడాలి. ఆ కుర్రాడి కోరిక తీరితే మరుసటి ఏడు వాడు అదే నీళ్లలోకి ఇచ్చేవాడిగా వస్తాడు. నిరుడు అడిగిన మనిషి ఈసారి ఇంకొకరిని “ఏం చదివినావు?” అని అడుగుతాడు. రొట్టెకు అర్థం మారినట్టే మనిషికి స్థానం కూడా మారింది. నేను చెప్పే పాఠమంతా ఇదే.

ఈ సిద్ధాంతం ఎవరు చెప్పారు?

దీన్ని సింబాలిక్ ఇంటరాక్షనిజం అంటారు. పునాది వేసింది అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయంలో ఫిలాసఫీ చెప్పిన జార్జ్ హెర్బర్ట్ మీడ్. 1863లో పుట్టి 1931లో చనిపోయాడు. ఈ విషయం మీద బతికుండగా పుస్తకం వేయలేదు. క్లాసులో విన్న విద్యార్థులు రాసుకున్న నోట్సులు కలిపి 1934లో పుస్తకంగా తెచ్చారు. ఒక మాస్టారి పాఠం పిల్లల నోట్సుల్లోంచి లోకానికి చేరింది. ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ గొంతు కొంచెం మారుతుంది.

పేరు పెట్టింది ఆయన శిష్యుడు హెర్బర్ట్ బ్లూమర్, 1937లో. 1969లో వచ్చిన తన పుస్తకంలో బ్లూమర్ దీన్ని మూడు మాటల్లో కుదించాడు. ఒకటి, మనం వస్తువుల పట్ల, మనుషుల పట్ల ఎలా నడుచుకుంటామనేది వాటికి మనం ఇచ్చుకున్న అర్థాన్ని బట్టి ఉంటుంది. రెండు, ఆ అర్థం తోటివాళ్లతో మసలడంలోంచి వస్తుంది. మూడు, వచ్చిన అర్థాన్ని మనం ఉన్నదున్నట్టు మింగం, ఎప్పటికప్పుడు సరిచూసుకుంటూ మార్చుకుంటూ ఉంటాం. చెరువులో ఆ కుర్రాణ్ని గుర్తుచేసుకుంటే మూడూ అర్థమవుతాయి.

గుర్తు అంటే జెండా, బొమ్మ, ముద్ర లాంటివేనా?

కాదు. గడప బయట విడిచిన చెప్పులు గుర్తే. పెద్దవాళ్లు ఎదురైతే భుజం మీది తుండుగుడ్డ చేతిలోకి రావడం గుర్తే. పెళ్లి పత్రిక మూలల్లో పసుపు రాయడం, భోజనం అయ్యాక విస్తరి మడవడం, అడిగినదానికి జవాబివ్వకుండా ఊరుకోవడం, అన్నీ గుర్తులే. మార్కాపురం పలక తీసుకోండి. కొండలో ఉన్నంతసేపు అది రాయి. చెక్క చట్రం వేసి, పిల్లవాడి ఒళ్లో పెట్టి, వేలు పట్టుకుని ‘ఓం నమః’ దిద్దించిన రోజున అది చదువు అవుతుంది. కాలు తగిలితే కళ్లకద్దుకునేటంత గౌరవం ఆ రాతికి వస్తుంది.

ఎవరెలా పిలిస్తే ఏమవుతుంది? పిలుపుకు అంత విలువ ఎందుకు?

మనం నోరు తెరిచి ఎదుటి మనిషితో ఒక్క వాక్యం మాట్లాడాలంటే ముందు ఒక తీర్పు చెప్పాలి. నువ్వా, మీరా? తెలుగులో దీన్ని తప్పించుకునే దారి లేదు. ‘వచ్చావా’ అన్నా తీర్పే, ‘వచ్చారా’ అన్నా తీర్పే. క్రియ చివరి అక్షరంలోనే ఎదుటివాడి స్థానం, మన స్థానం తేలిపోతాయి.

నెల్లూరులో చేపల మార్కెట్‌కి వెళ్తే అరవై ఏళ్లావిడ పాతికేళ్ల పిల్లని “అక్కా, వంజరం తాజాగా ఉండాది, చూడు” అని పిలుస్తుంది. వయసు లెక్కన అది తప్పు పిలుపు. కానీ తప్పు అని ఎవరికీ అనిపించదు. ‘అక్కా’ అన్న వెంటనే బేరం ఇద్దరు ఆడవాళ్ల మధ్య మాట అయిపోతుంది, గట్టిగా తిట్టి వెళ్లిపోవడం కష్టమవుతుంది. బస్సులో సీటు కోసం “అన్నా, కొంచెం జరుగుతావా” అంటాం. ముక్కూ ముఖం తెలియని మనిషిని ఒక్క మాటతో చుట్టాన్ని చేసుకుంటాం. భర్తను ‘ఏవండీ’ అనే ఇంట్లోనే భార్యకు ‘ఏమే’ వినిపిస్తుంది. ఆ ఇంటి లెక్క మొత్తం ఆ రెండు పిలుపుల్లో ఉంది.

పిలుపు దెబ్బ కూడా కొడుతుంది. అరవై ఏళ్లు దాటిన జీతగాణ్ని ఆసామి గారి పదేళ్ల పిల్లవాడు “ఒరేయ్” అని పేరుపెట్టి పిలవడం నేను చిన్నప్పుడు చూశాను. ఆ పిల్లవాడికి చెడ్డ బుద్ధి ఏమీ లేదు. ఇంట్లో అందరూ పిలిచినట్టే పిలిచాడు. ముసలాయన కూడా “ఆ, చిన్నయ్యా” అని పలికాడు. ఆ రెండు మాటల్లో ఎవరు పై, ఎవరు కింద అన్నది ఇద్దరూ మరోసారి ఒప్పుకున్నట్టయింది. రోజుకు ఇరవైసార్లు, యాభై ఏళ్లు. ‘మాటలే కదా’ అని కొట్టిపారేసే వాళ్లతో నేను ఈ ఒక్క విషయంలో రాజీపడను.

‘నేను’ అనేది నాలోపల ఉండేదే కదా? బయటివాళ్లు తయారుచేయడం ఏంటి?

ఎక్కువమంది తడబడే చోటు ఇది. చార్ల్స్ హోర్టన్ కూలీ అనే ఆయన 1902లోనే దీనికి మంచి పోలిక చెప్పాడు. తోటి మనుషులు మనకు అద్దాలు అన్నాడు. ముందు, నేను వాళ్లకు ఎలా కనబడుతున్నానో ఊహించుకుంటాను. తర్వాత, చూసి వాళ్లు ఏమనుకుంటున్నారో ఊహించుకుంటాను. ఆ ఊహను బట్టి నాకు గర్వమో సిగ్గో కలుగుతుంది. వాళ్లు నిజంగా ఏమనుకున్నారో మనకు తెలియదు, మనం ఊహించుకున్నదే లోపల పనిచేస్తుంది. అందుకే ఎవరూ ఏమీ అనకపోయినా చిరిగిన చొక్కా వేసుకున్న పిల్లవాడు బోర్డు దగ్గరికి రాడు.

మీడ్ ఇంకొంచెం లోపలికి వెళ్లాడు. మనలో రెండున్నాయి అన్నాడు. వాటికి ఆయన పెట్టిన ఇంగ్లీషు పేర్లను నేను తెలుగులో ‘నేను’, ‘నన్ను’ అని చెబుతాను. ‘నేను’ అప్పటికప్పుడు పలికేది, పని చేసేది. ‘నన్ను’ ఇతరుల కళ్లతో నన్ను నేను చూసుకున్నప్పుడు కనబడేది. కోపంలో పైకొచ్చిన మాట ‘నేను’. ఆ మాట నోటిదాకా వచ్చి, నాన్న చూస్తున్నాడని ఆగిపోతే ఆపింది ‘నన్ను’. మనలోపల ఆ రెండూ మాట్లాడుకుంటూనే ఉంటాయి.

ఇది పిల్లలకు పుట్టుకతో రాదు, ఆటల్లో వస్తుంది. మొదట ఒక్కరి పాత్ర వేస్తారు. బొమ్మకు సూది వేసి “ఏం కాదు, ఏడవకు” అంటుంది పాప. అప్పుడామె డాక్టరు. కొంచెం పెద్దయ్యాక ఆట మారుతుంది. మీడ్ బేస్‌బాల్ ఉదాహరణ చెప్పాడు. మనకు కబడ్డీ బాగుంటుంది. కూతకు వెళ్లినవాడు అవతల ఉన్న ఏడుగురిలో ఎవడు చెయ్యి పట్టుకుంటాడో, ఎవడు కాలు అందుకుంటాడో అందరి తరఫునా ఒకేసారి ఆలోచించాలి. అందరి చూపూ ఒక్క బుర్రలో పట్టినప్పుడు పిల్లవాడికి సమాజం అర్థమైనట్టు.

ఈ ‘అందరి చూపు’కు మీడ్ ‘జనరలైజ్డ్ అదర్’ అని పేరు పెట్టాడు. దీన్ని ఎలా అనువదించాలా అని నేను చాలా రోజులు అవస్థ పడ్డాను. ఒక రోజు స్టాఫ్ రూములో ఒక మేడమ్ ఫోనులో కూతురితో “నలుగురూ ఏమనుకుంటారే?” అంటుంటే తట్టింది. మాట మన దగ్గరే ఉంది. ‘నలుగురు’. ఎవరా నలుగురు? పేర్లు చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. నలుగురిలో తలెత్తుకు తిరగాలంటాం, నలుగురు నవ్వుతారంటాం, నలుగురితో పాటు నారాయణా అంటాం, పోయేటప్పుడు మోయడానికి నలుగురు కావాలంటాం. లెక్కకు నలుగురే అయినా ఊరంతా అందులో ఉంది. మీడ్ చెప్పినదాన్ని మన అమ్మమ్మలు ఒక్క మాటలో వాడుతున్నారు.

అయితే ఆ నలుగురికీ భయపడుతూ బతకాల్సిందేనా?

నలుగురు మారతారు. మారడం మన జిల్లా చూసింది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. ఊళ్లలో ఆడవాళ్లు పగలంతా పొలం పని చేసుకుని, రాత్రి అన్నాలయ్యాక లాంతర్ల కింద కూర్చుని అక్షరాలు దిద్దేవాళ్లు. మగవాళ్లు సారా తాగొచ్చి కొట్టడం, కూలి డబ్బు సారా కొట్టుకే పోవడం ప్రతి ఇంట్లో ఉన్నదే. కానీ ప్రతి ఆడమనిషీ అది తన ఖర్మ అనుకుంది, తలుపు వేసుకుని ఏడ్చింది. బయట చెప్పుకుంటే నలుగురిలో పరువు పోతుందని భయం. రాత్రి బడిలో పాఠం సారా గురించి వచ్చినప్పుడు మాటల్లో మాట బయటపడింది. మీ ఇంట్లోనూ అంతేనా, మా ఇంట్లోనూ అంతే. ‘నా ఖర్మ’ అనుకున్నది ఆ చాపల మీద ‘మన కష్టం’ అయింది. దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వాళ్లలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరి నుంచి ఊరికి పాకి సారా వేలం పాటలు జరగనివ్వని దాకా పోయింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు.

రాత్రి బడిలో ఆ మాట బయటపడక ముందు మగవాళ్లు ఎంత సారా తాగారో, బయటపడ్డ రోజూ అంతే తాగారు, దెబ్బలూ అవే. మారింది ఆ ఆడవాళ్లు తమ పరిస్థితికి ఇచ్చుకున్న అర్థం. డబ్ల్యూ.ఐ. థామస్, డొరొతీ థామస్ అనే అమెరికా సోషియాలజిస్టులు 1928లో రాసిన మాట ఒకటుంది. ఒక పరిస్థితిని నిజమని మనుషులు నమ్మితే, దాని ఫలితాలు నిజంగానే ఉంటాయని దాని భావం. ఖర్మ అని నమ్మినన్నాళ్లు ఫలితం మౌనం. అన్యాయం అని నమ్మినాక ఫలితం మూతబడ్డ సారా కొట్టు. పరువు గురించి వాళ్లు భయపడ్డ ‘నలుగురు’ కూడా మారారు. ఇప్పుడు ఆ నలుగురూ రాత్రి బడిలో పక్కన కూర్చున్న ఆడవాళ్లే.

అందరం నటిస్తున్నామని ఎర్వింగ్ గాఫ్‌మన్ అన్నాడట. అంటే మనుషులంతా దొంగలనా?

ఆ మాట గాఫ్‌మన్‌కు అన్యాయం. కెనడాలో పుట్టిన ఈ సోషియాలజిస్టు స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లండ్ దీవుల్లో ఉండి అక్కడి మనుషులను దగ్గరగా గమనించాడు. అక్కడి హోటల్లో పనివాళ్లు వంటింట్లో ఒకలా, తలుపు తోసుకుని భోజనాల గదిలోకి రాగానే ఇంకోలా మారడం చూశాడు. 1959 నాటి పుస్తకంలో రోజువారీ జీవితాన్ని రంగస్థలంతో పోల్చి, ముందు రంగం, తెర వెనక అని విడదీశాడు. మన మెస్సుల్లోనూ చూడొచ్చు. హాల్లో “ఇంకొంచెం పులుసు వేయమంటారా సార్” అన్న మనిషి వంటింటి గుమ్మం దాటగానే నడుముకు చెయ్యి ఆనించి “కాళ్లు లాగేస్తున్నాయిరా” అంటాడు. రెండూ నిజమైన మనిషే.

మా నాయన మూడో తరగతి దాకా చదివాడు. సంతకం పెట్టేవాడు, అంతకు మించి రాయలేడు. పొలం కాగితం కోసం ఒకసారి ఒక ఆఫీసుకు వెళ్లాడు. నేను కూడా వెళ్లాను. బల్ల వెనక కుర్చీలో ఉన్న కుర్రాడు తల ఎత్తకుండా “నువ్వు అవతల నిలబడు” అన్నాడు. మధ్యాహ్నం దాకా నిలబడ్డాం. పని కాలేదు. సైకిల్ మీద ఇంటిదాకా నాయన నోరు విప్పలేదు.

తర్వాతి వారం పెళ్లిళ్లకు దాచుకున్న తెల్ల చొక్కా తీశాడు. మా అమ్మ చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసింది. బయలుదేరుతూ నా పుస్తకాల సంచిలోంచి ఒక పెన్ను తీసి జేబుకు పెట్టుకున్నాడు. దాంట్లో రీఫిల్ అయిపోయిందని చెప్పాను. “తెలుసులే” అన్నాడు. ఆ రోజు అదే కుర్రాడు “ఏం కావాలండీ?” అన్నాడు. రాత్రి అన్నం తింటూ నాయన ఆ సంగతి అమ్మకు చెప్పాడు. పని అయిందా లేదా ఆమె అడిగేలోపే “అండీ అన్నాడు” అన్నాడు. కాసేపు ఆగి మళ్లీ అదే మాట అన్నాడు.

రాయని పెన్ను జేబుకు పెట్టుకోవడం మోసమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తన మర్యాద తాను కాపాడుకోవడానికి ఆ లోకం అడిగిన గుర్తు అది. తప్పు ఎక్కడైనా ఉంటే పెన్ను చూసి మాట మార్చుకునే ఆ ఏర్పాటులో ఉంది.

గుర్తుకు ఇద్దరు వేరు అర్థాలు తీస్తే?

మామూలుగా చిన్న అపార్థం వస్తుంది, కాఫీ తాగి సర్దుకుంటాం. అన్నిసార్లూ అలా కాదు.

1985 జులైలో, అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో, మాదిగవాడ వాళ్లు తాగే చెరువు నీళ్లను ఊళ్లో భూములున్న కులం వాళ్లు పాడుచేస్తుంటే మాదిగవాడ పిల్లవాడు ఒకడు వద్దన్నాడు. అడిగిన పిల్లవాణ్ని కొట్టారు. నీళ్లకు వచ్చిన ఆడమనిషి తనను కాచుకోవడానికి చేతిలో బిందె ఎత్తింది. మాదిగవాడ కళ్లతో చూస్తే తాగే నీళ్లు పాడుచేయొద్దన్న మాట, దెబ్బ తగలకుండా అడ్డుపెట్టిన బిందె. ఊళ్లో భూములున్న కులం కళ్లకు అది తిరుగుబాటు. మరుసటి రోజు, జులై 17న, ఆరుగురు దళితులను చంపారు. బతికినవాళ్లు చీరాలకు వెళ్లి శిబిరంలో తలదాచుకున్నారు. ఆ పోరాటంలోంచి దళిత మహాసభ పుట్టింది. అప్పటిదాకా పైవాళ్లు పెట్టిన ‘హరిజన’ పేరు పక్కకు పోయి, తమకు తాము పెట్టుకున్న ‘దళిత’ పేరు తెలుగునాట గట్టిగా నిలబడింది.

ఈ సిద్ధాంతం మీద ఉన్న పెద్ద విమర్శ ఇక్కడే బయటపడుతుంది, అది న్యాయమైన విమర్శ. అర్థాలు అందరం కలిసి తయారుచేసుకుంటామని చెబితే, అందరికీ సమానంగా చెయ్యి ఉన్నట్టు వినిపిస్తుంది. లేదు. భూమి ఎవరిది, కూలి ఎవరిస్తారు, పోలీసు ఎవరి మాట వింటాడు అన్నదాన్ని బట్టి ఎవరి అర్థం చెల్లుతుందో తేలుతుంది. కారంచేడును ‘అపార్థం’ అని చెబితే అది అబద్ధం అవుతుంది. హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టిన రోజులూ అంతే. ఆ గ్లాసు అర్థం ఇద్దరికీ బాగా తెలుసు. తెలిసే తాగాల్సి వచ్చింది. అందుకే క్లాసులో మీడ్‌ను చెప్పి వదిలేయను, కులం గురించి పాఠం కూడా దాని వెంటనే చెబుతాను.

పిల్లలను ‘మొద్దు’ అంటే నిజంగా మొద్దులవుతారా?

అవుతారని అనను. కానీ ఆ దారిలోకి నెట్టినట్టవుతుంది. హోవర్డ్ బెకర్ అనే సోషియాలజిస్టు 1963లో వచ్చిన పుస్తకంలో చెప్పింది ఇది: పని తప్పు అవ్వడం ఆ పనిలోనే ఉండదు, ఇతరులు దాని మీద వేసిన ముద్రలో ఉంటుంది. ముద్ర పడ్డాక చుట్టూ ఉన్నవాళ్లు ఆ ముద్రతోనే మాట్లాడతారు. కొన్నాళ్లకు ఆ మనిషి కూడా ఆ ముద్రతోనే తనను చూసుకుంటాడు.

ఇంటర్‌లో మార్కుల వారీగా సెక్షన్లు విడగొట్టే పద్ధతి మన ఊళ్లలో మామూలే. అలాంటి చోట చదివి నా దగ్గరికి డిగ్రీకి వచ్చిన ఒక అమ్మాయిని మొదటి రోజు “నీ గురించి చెప్పమ్మా” అన్నాను. పేరు చెప్పలేదు. “నేను లాస్ట్ సెక్షన్ సార్” అంది. ఇంటర్ అయిపోయి మూడు నెలలైంది. ఆ సెక్షన్ లేదు, ఆ గది లేదు. అయినా ఆమె దాంతోనే వచ్చింది. తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. ర్యాంకు తగ్గిన రోజు ఇంట్లో ఏ మాట అన్నారో గుర్తుపెట్టుకోండి, పిల్లలు మర్చిపోరు. టెన్షన్‌లో నోరు జారితే తర్వాత కూర్చోబెట్టుకుని ఆ మాట వెనక్కి తీసుకోండి.

ఊరు, జిల్లా, యాస కూడా మన గుర్తింపేనా? జిల్లాల గీతలు మారితే మనం మారతామా?

కందుకూరులో పుట్టి ఊరు కదలని డెబ్బై ఏళ్ల పెద్దాయన్ని తలుచుకోండి. ఆయన పుట్టినప్పుడు అది నెల్లూరు జిల్లా. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత కొంత తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. పెద్దాయన ప్రకాశం జిల్లావాడయ్యాడు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మళ్లీ మార్చినప్పుడు కందుకూరు నెల్లూరులో కలిసింది. ఇల్లు అదే, వేపచెట్టు అదే. కాగితాల్లో జిల్లా మాత్రం మారుతూ వచ్చింది.

గీతల కన్నా మాట గట్టిది. నెల్లూరు కుర్రాడు హైదరాబాద్ హాస్టల్లో “నేను ఈడే ఉండా” అన్నాడంటే గదిలో వాళ్లు నవ్వుతారు. రెండు నెలల్లో వాడు ‘ఉన్నా’ నేర్చుకుంటాడు. అమ్మ ఫోను చేయగానే మళ్లీ ‘ఉండా’ వచ్చేస్తుంది. రెండు యాసలు, రెండు చోట్లు, ఒకే మనిషి. ఊరి నుంచి ఇంకొకడు అదే హాస్టల్లో చేరిన రోజున ఇద్దరూ కావాలనే గట్టిగా ‘ఏంది’, ‘ఎట్టా’ అని మాట్లాడుకుంటారు. నవ్వించిన మాటే వాళ్లిద్దరికీ సొంతింటి గుర్తవుతుంది. చేపల పులుసు సంగతీ అంతే. నెల్లూరులో ఉన్నప్పుడు అది మధ్యాహ్నం కూర. బెంగళూరులో ఉన్నప్పుడు అది మనం ఎవరో చెప్పే కూర.

ఇంకో ముచ్చట. నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోంచి ఆంధ్రలోకి వచ్చింది 1953లో. మద్రాసు పేరు చెన్నైగా మారింది 1996లో. మన ఊళ్లో ఆ బస్టాండు పేరు ఇప్పటికీ మద్రాసు బస్టాండే. ఆటోవాడికి చెన్నై బస్టాండు అని చెప్పి చూడండి, ఒక క్షణం మీ ముఖంలోకి చూస్తాడు.

వాట్సాప్‌లో జరిగేది కూడా ఇదేనా?

ఇదే. నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే మౌనానికి అర్థం వెతుకుతాం. మేనత్త పెట్టిన గుడ్ మార్నింగ్ ఫొటోకు దండం బొమ్మ పెట్టకపోతే మాట వస్తుంది. ఫ్యామిలీ గ్రూపులోంచి ఒకరు బయటికి వెళ్తే పంక్తిలోంచి లేచిపోయినంత పని. కొత్త వస్తువు, పాత మర్యాద.

పోటీ పరీక్షలకు ఈ పాఠం పనికొస్తుందా?

వస్తుంది. సివిల్స్‌లో సోషియాలజీ ఆప్షనల్ మొదటి పేపర్లో మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్, పార్సన్స్, మెర్టన్‌లతో పాటు మీడ్ కూడా ఉన్నాడు, ‘సెల్ఫ్, ఐడెంటిటీ’ అన్న శీర్షికతో. జవాబులో నిర్వచనాలు కుమ్మరించకండి. మీ ఊరి ఉదాహరణ ఒకటి రాసి, దానితో సిద్ధాంతాన్ని విప్పండి. అలాగే అధికారం గురించిన విమర్శ తప్పకుండా రాయండి.

సొంతంగా గమనించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

హెరాల్డ్ గార్ఫింకెల్ అనే ఆయన తన విద్యార్థులను ఇంటికి పంపి, కాసేపు మీ ఇంట్లోనే అద్దెకున్నవాళ్లలా మర్యాదగా, పొడిపొడిగా మాట్లాడండి అన్నాడు. ఇళ్లలో కంగారు, కోపం, ‘ఒంట్లో బాలేదా’ అన్న ప్రశ్నలు. రోజూ కనబడని కట్టుబాటు తెగినప్పుడే కనబడింది. మీరు ఇంట్లో ఇది చేయకండి, చాలామంది తల్లులు బాధపడతారు. కావాలంటే ఒక్క పూట మీ తమ్ముణ్ని ‘మీరు’ అని పిలిచి చూడండి. ఐదు నిమిషాల్లో వాడు “ఏమైంది నీకు, నేనేం చేశాను?” అంటాడు. మర్యాద ఇస్తే శిక్ష అనుకున్నాడు. ఎందుకో రాసుకోండి.

ఇంకా తేలికైన పని: ఒక టీ కొట్టు దగ్గర గంటసేపు కూర్చుని, ఎవరు ఎవరిని ఏమని పిలిచారో మాత్రమే నోట్సులో రాయండి. ఏం మాట్లాడుకున్నారో అక్కర్లేదు. నేను ఏటా ఈ పని ఇస్తాను. నిరుడు ఒక అబ్బాయి ఆత్మకూరు బస్టాండు దగ్గర కూర్చుని రెండు పేజీలు నింపుకొచ్చాడు. అన్నా, సార్, సామీ, పెద్దాయనా, అబ్బయా, మేడమ్, ఏయ్. ఒక్కొక్కటి ఎవరు ఎవరిని అన్నారో గీతలు గీశాడు. పేజీ చివర ఒక వరుస ఖాళీగా వదిలాడు. ఏంటని అడిగితే, గ్లాసులు కడిగే పిల్లవాడి వరుస అన్నాడు. గంటలో వాణ్ని ఎవరూ ఏమనీ పిలవలేదట. చిటిక వేశారంట, అంతే. మరుసటి రోజు ఆ అబ్బాయి మళ్లీ అక్కడికి వెళ్లి, వాడి పేరు కనుక్కుని వచ్చి ఆ ఖాళీలో రాశాడు.